ఫిడేలు నాయుడు గారు: పాతకీ కొత్తకీ మధ్య ఒక కమాను



శనివారం సాయంత్రం మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు ఏ గేటెడ్ కమ్యూనిటీలోకి వెళ్లినా ఒక ఫ్లాట్‌లోంచి కీబోర్డ్, ఇంకో ఫ్లాట్‌లోంచి సరళీ స్వరాలు, క్లబ్ హౌస్‌లోంచి డ్రమ్స్ వినిపిస్తాయి. పిల్లవాడికి ఏం నేర్పించాలన్న దగ్గర చాలా ఇళ్లలో మాట తేడా వస్తూనే ఉంటుంది. అమ్మమ్మకి కర్ణాటక సంగీతం కావాలి. నాన్నకి ఘంటసాల పాటలు చాలు. అబ్బాయికి గిటారు కావాలి. పాతదే గొప్పదని ఒకరు, కాలంతో పాటు మారాలని ఇంకొకరు. ఈ వాదన మన ఐటీ కారిడార్‌లో పుట్టింది కాదు, మన ఇంటితో ఆగిపోయేదీ కాదు. సంగీతాన్ని ప్రేమించేవాళ్లు ఉన్న ప్రతిచోటా ఇది ఉంది.

అందుకే ఈ నెల మహనీయుల పేజీలో ఈ వాదన మధ్యలోనే తన జీవితమంతా గడిపిన ఒక తెలుగు వ్యక్తిని పరిచయం చేస్తున్నాం. పరదేశీ వాద్యాన్ని చేతపట్టి, పాశ్చాత్యుల మెళకువలు కొన్ని తీసుకుని, త్యాగరాజ కీర్తనను మాత్రం గొంతుతో పాడినంత స్పష్టంగా పలికించిన ఆయన పేరు ద్వారం వెంకటస్వామి నాయుడు. అభిమానంగా ఫిడేలు నాయుడు గారు అని పిలుచుకునేవారు.

మసక చూపు, చురుకైన చెవి

వెంకటస్వామి నాయుడు గారు 1893 నవంబరు 8న, దీపావళి రోజున, బెంగళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో పనిచేసేవారు. కుటుంబం తర్వాత విశాఖపట్నం చేరింది. ఆయన పెరిగింది అక్కడే.

చిన్నతనం నుంచీ ఆయనకు చూపు మసక. ఈరోజు మన పిల్లలకైతే కళ్లజోడు ఉంటుంది, ముందు బెంచీ ఉంటుంది, పెద్ద అక్షరాలు చూపించే స్క్రీన్ ఉంటుంది. నూటపాతికేళ్ల క్రితం అవేవీ లేవు. బోర్డు మీద రాసింది కనిపించని పిల్లవాడిని చదువు రాని పిల్లవాడిగానే చూసేవారు. చూపు వల్లనే ఆయన బడిచదువు మధ్యలో ఆగిపోయింది. ఆ రోజుల్లో అలాంటి పిల్లవాడి భవిష్యత్తు గురించి ఇంట్లో ఎంత దిగులు ఉంటుందో తల్లిదండ్రులైన మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఇంట్లో ఒక ఫిడేలు ఉంది. దాన్ని వాయించడం తెలిసిన అన్నయ్య వెంకటకృష్ణయ్య గారు ఉన్నారు. తమ్ముడి కన్ను ఏం చేయలేకపోతోందో చూస్తూ కూర్చోకుండా, తమ్ముడి చెవి ఏం చేయగలదో ఆయన గమనించారు. ఫిడేలు చేతికిచ్చి తానే మొదటి గురువయ్యారు. పుస్తకం చూసి నేర్చుకోలేని కుర్రవాడు విని నేర్చుకున్నాడు. విన్నదాన్ని వేళ్లతో వెతికి పట్టుకున్నాడు. ఆ వెతుకులాటే తర్వాత ఆయన బాణీ అయింది.

వయొలిన్ మనది ఎప్పుడైంది?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ వాద్యం కథ చూద్దాం. ఈ రోజు కర్ణాటక సంగీత కచేరీని వయొలిన్ లేకుండా ఊహించుకోవడం కష్టం. కానీ వయొలిన్ యూరప్ నుంచి వచ్చింది. సుమారు 200 ఏళ్ల క్రితం మద్రాసులో ఆంగ్లేయుల బ్యాండ్లలో దీన్ని విన్న బాలుస్వామి దీక్షితులు గారు ఒక యూరోపియన్ దగ్గర నేర్చుకుని మన సంగీతానికి మలిచారని చెబుతారు. ఈయన వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితులకు తమ్ముడు. అదే కాలంలో తంజావూరు సోదరుల్లో ఒకరైన వడివేలు కూడా వయొలిన్‌లో ఆరితేరారు. తిరువాన్కూరు మహారాజు స్వాతి తిరునాళ్ 1834లో ఆయనకు దంతపు వయొలిన్ బహూకరించారు.

వాద్యం విదేశానిదే అయినా పట్టుకునే తీరు, శ్రుతి చేసే తీరు మనవాళ్లు మార్చేశారు. పాశ్చాత్యులు నిలబడి, గడ్డం కింద బిగించి వాయిస్తారు. మనవాళ్లు నేల మీద కూర్చుని, వయొలిన్ ఒక కొసను ఛాతీకీ భుజానికీ ఆనించి, రెండో కొసను కుడి పాదం మీద నిలుపుతారు. దాంతో ఎడమ చేతికి వాద్యాన్ని మోసే పని తప్పుతుంది. వేళ్లు తీగ మీద పైకీ కిందకీ స్వేచ్ఛగా జారతాయి. మన రాగానికి ప్రాణమైన గమకం ఆ జారుడులోనే పుడుతుంది. తీగలను కూడా షడ్జమ పంచమాలకు శ్రుతి చేస్తారు.

అంటే వెంకటస్వామి నాయుడు గారు పుట్టేనాటికే ఈ పరదేశీ వాద్యం మన కచేరీలో స్థిరపడింది. అయితే దాని స్థానం పక్కవాద్యం. పాడేవారు ముందు, వయొలిన్ వెనక. గాయకుడు ఒక సంగతి పాడితే దాన్ని నీడలా అనుసరించాలి, తన వంతు వచ్చినప్పుడు కొద్దిసేపు వాయించి మళ్లీ వెనక్కి తగ్గాలి. ఇదీ అప్పటి మర్యాద.

విద్యార్థిగా చేరబోయి ఆచార్యుడయ్యారు

1919లో విజయనగరంలో మహారాజా విజయరామ గజపతిరాజు గారు సంగీత కళాశాల స్థాపించారు. చూపులేని ఒక కుర్రవాడి సంగీత తృష్ణ చూసి ఆయన ఈ కళాశాల పెట్టారని ఆ ఊళ్లో చెప్పుకుంటారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్.

వెంకటస్వామి నాయుడు గారు ఆ కళాశాలకు విద్యార్థిగా చేరదామనే వెళ్లారు. ఆయన వాయించింది విన్నాక, నేర్చుకోవడానికి వచ్చిన ఈ యువకుడు నేర్పడానికి తగినవాడని అక్కడి పెద్దలకు అర్థమైంది. సీటు అడగడానికి వెళ్లిన మనిషిని పాతికేళ్ల వయసులో వయొలిన్ ఆచార్యుడిగా నియమించారు. చేతిలో డిగ్రీ లేదు, పెద్ద గురువు రాసిచ్చిన సిఫారసు ఉత్తరం లేదు. ఉన్నదల్లా చేతిలోని విద్య.

ఇందులో నారాయణదాసు గారి పెద్ద మనసు కూడా చూడాలి. ఆయన సంస్కృతాంధ్రాలలో దిట్ట. సంప్రదాయంలో పుట్టి పెరిగినవారు. ఒక కొత్త కుర్రవాడు, ఏ ప్రసిద్ధ గురుపరంపర పేరూ చెప్పుకోనివాడు ఎదురుగా కూర్చుని వాయిస్తుంటే, ముందు విన్నారు. తర్వాతే తీర్పు చెప్పారు. 1936లో అదే కళాశాలకు వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్ అయ్యారు. బడిలో చదువు ఆగిపోయిన పిల్లవాడు ఒక కళాశాలను నడిపించే స్థానానికి వచ్చారు.

ఆయన తెచ్చిన కొత్తదనం ఏమిటి?

నాయుడు గారు గ్రామఫోన్ కాలం మనిషి. పాశ్చాత్య వయొలిన్‌ను శ్రద్ధగా విన్నారు. ఆ వాద్యం పుట్టిన దేశాలవాళ్లు దాని నుంచి అంత నిండైన నాదం ఎలా రాబడుతున్నారో గమనించారు. ఆయనకు దొరికిన జవాబు కుడిచేతిలో, అంటే కమానులో ఉంది.

అప్పట్లో చాలామంది వాయింపులో కమాను పొట్టిగా, ముక్కలు ముక్కలుగా కదిలేది. నాయుడు గారు కమానును ఈ కొస నుంచి ఆ కొస దాకా పొడవుగా లాగడం సాధన చేశారు. ఎక్కడ ఒత్తాలి, ఎక్కడ తేల్చాలి అన్నది లెక్క చూసుకున్నారు. పాడేవాడు ఒక్క ఊపిరిలో ఎంత దూరం పాడతాడో కమాను ఒక్క లాగులో అంత దూరం పలకాలి. ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో కమాను అక్కడే తిరగాలి. అలా వాయించినప్పుడు తీగలో గీర తగ్గి, నాదం గుండ్రంగా, మెత్తగా వచ్చేది. కీర్తనలో సాహిత్యం తెలిసినవారికి మాటలు వినిపిస్తున్నట్టే ఉండేది.

ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. ఆయన బయటి నుంచి తీసుకున్నది నాదాన్ని రాబట్టే పద్ధతి. రాగం మనదే, గమకం మనదే, కూర్చునే తీరు మనదే, వాయించిన కీర్తనలు మనవే. పనిముట్టు వాడే నేర్పును ఎక్కడి నుంచైనా తెచ్చుకోవచ్చు, చెప్పదలచుకున్న మాట మాత్రం మనదై ఉండాలి. ఆయన వాయింపు మొత్తం ఈ తేడా మీద నిలిచింది.

ముగ్గురు విద్వాంసులు, మూడు అభిమాన వర్గాలు

కానీ రసికులు అందరూ ఒకేలా వినరు. ఆ తరంలో దక్షిణ దేశంలో వయొలిన్ అనగానే ముగ్గురి పేర్లు కలిపి చెప్పేవారు. ఒకరు నాయుడు గారు. ఇంకొకరు కుంభకోణం రాజమాణిక్యం పిళ్లై. మూడోవారు మైసూరు చౌడయ్య. ముగ్గురూ దాదాపు ఒకే ఈడువారు. ముగ్గురివీ మూడు దారులు.

రాజమాణిక్యం పిళ్లై గారిది సంప్రదాయపు బాట. గాయకుడిని మించకుండా, అతని భావాన్ని అంటిపెట్టుకుని వాయించడంలో ఆయనకు పేరు. చౌడయ్య గారిది సాహసం. మైకులు లేని ఆ రోజుల్లో పెద్ద సభలో వెనక వరుసలవారికి వయొలిన్ వినిపించేది కాదు. ఆయన నాలుగు తీగల వయొలిన్‌కు మరో మూడు తీగలు జోడించి ఏడు తీగల వయొలిన్ చేసుకున్నారు. శబ్దం పెరిగింది, వెనక వరుసకూ అందింది. వాద్యం స్వరూపాన్నే మార్చేశారని సంప్రదాయవాదులు కొందరు నొసలు చిట్లించారు. ఆయన వెనక్కి తగ్గలేదు. ఈ రోజు బెంగళూరులో ఆయన పేరు మీద ఉన్న హాలును వయొలిన్ ఆకారంలోనే కట్టారు.

నాయుడు గారు తీగలు పెంచలేదు, శబ్దం పెంచలేదు. ఉన్న నాలుగు తీగల్లోనే నాదం నాణ్యత పెంచారు. చెవికి బాగా దగ్గరగా వినాల్సిన సంగీతం ఆయనది. ఒకరికి గట్టిగా మోగే వయొలిన్ నచ్చేది. ఒకరికి పాటను అంటిపెట్టుకునే వయొలిన్ నచ్చేది. ఒకరికి తేనె బొట్టులా జారే వయొలిన్ నచ్చేది. సభ అయ్యాక కాఫీ హోటల్లో ఈ వర్గాల మధ్య వాదనలు వేడిగా సాగేవంటే ఆశ్చర్యం లేదు. మన ఇళ్లలో హీరోల గురించి, క్రికెటర్ల గురించి జరిగే వాదనలకు ఇవేమీ తీసిపోవు.

వెనక వరుస నుంచి ముందు వరుసకు

అసలు పెద్ద మార్పు ఇంకోటి. వయొలిన్ ఎప్పటికీ పక్కవాద్యమేనా, లేక తనంతట తాను ఒక కచేరీ నడపగలదా? నాయుడు గారు 1938లో వేలూరులో తొలి సోలో వయొలిన్ కచేరీ చేశారు. వేదిక మధ్యలో గాయకుడు లేడు. వయొలినే గాయకుడు.

ఈ రోజు చదివితే ఇందులో వింత ఏముందనిపిస్తుంది. ఆనాటి శ్రోత వైపు నుంచి ఆలోచించండి. కర్ణాటక సంగీతంలో మాటకు, సాహిత్యానికి పెద్దపీట. త్యాగరాజ స్వామి తెలుగులో చెప్పుకున్న మొర వినడానికి తమిళ, కన్నడ, మలయాళ సీమలవారు కూడా కూర్చుంటారు. మాట లేని పాటకు రెండు మూడు గంటలు ఎవరు కూర్చుంటారన్నది న్యాయమైన సందేహమే. వీణకూ వేణువుకూ నాగస్వరానికీ ఆ గౌరవం ముందే ఉంది. కానీ పరదేశం నుంచి వచ్చి, ఇన్నాళ్లూ వెనక కూర్చున్న వాద్యానికి ఆ పీట ఎందుకు వేయాలి?

నాయుడు గారు ఈ సందేహానికి వ్యాసాలతో కాదు, వాయించి జవాబు చెప్పారు. కీర్తన వాయిస్తే మాట వినిపించాలి. ఆలాపన చేస్తే గాయకుడి లోటు తెలియకూడదు. అలా ఒక్కొక్క సభలో శ్రోతలను తన వైపు తిప్పుకున్నారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి గౌరవం ఇచ్చింది. సంప్రదాయానికి కాపలాగా పేరున్న వేదికే ఆయన్ని తనవాడిగా ఒప్పుకుంది. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ వచ్చాయి. ఈ తరంలో సోలో వయొలిన్ కచేరీని ఎవరూ వింతగా చూడరు. ఆ దారి వేసినవారిలో ఆయన ముందున్నారు.

సరిగ్గా అప్పుడే అమెరికాలో

మన దగ్గర ఈ చర్చ నడుస్తున్న రోజుల్లోనే అమెరికాలో జాజ్ సంగీతాభిమానులు రెండుగా చీలిపోయారు. ఆ కథ తెలిస్తే మన కథ ఇంకా బాగా అర్థమవుతుంది.

న్యూ ఆర్లీన్స్‌లో పుట్టిన జాజ్‌లో మొదట్లో అందరూ కలిసి వాయించేవారు. 1920ల్లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తన ట్రంపెట్‌తో ఆ పద్ధతి మార్చారు. గుంపులోంచి ఒక్క కళాకారుడు ముందుకొచ్చి తన ఊహను విప్పి చూపే సోలోకు జాజ్‌లో పెద్ద స్థానం తెచ్చిపెట్టారు. అంటే ఆ రోజుల్లో ఆయనే కొత్తదనం. ఇరవై ఏళ్లు గడిచాయి. 1940ల్లో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ అనే యువకులు బీబాప్ అనే కొత్త శైలి తెచ్చారు. వేగం ఎక్కువ, స్వరాల అల్లిక జటిలం, డాన్స్ చేయడానికి పనికిరాదు. పాత అభిమానులు ఇది సంగీతమే కాదన్నారు. కొత్త అభిమానులు పాతవాళ్లను బూజుపట్టిన అత్తిపళ్లని వెక్కిరించారు. పత్రికల నిండా ఇదే గొడవ. ఒకప్పుడు తానే కొత్తదనమైన ఆర్మ్‌స్ట్రాంగ్ ఈసారి పాత వైపు నిలబడి బీబాప్‌ను విమర్శించారు.

ముగింపు మాత్రం ముచ్చటగా ఉంటుంది. ఆర్మ్‌స్ట్రాంగ్, గిలెస్పీ తర్వాత స్నేహితులయ్యారు. 1959లో ఒక టీవీ కార్యక్రమంలో ఇద్దరూ ఒకే వేదిక మీద సరదాగా పాడుతూ వాయించారు. అభిమానులు గీసిన గీత కళాకారులను చాలా కాలం ఆపలేకపోయింది. ఈ రోజు జాజ్ నేర్చుకునే పిల్లలు ఆ ఇద్దరినీ ఒకే పాఠ్యక్రమంలో చదువుతారు.

మెనూహిన్ విన్న నాదం

1952లో ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మొదటిసారి భారతదేశం వచ్చారు. మద్రాసులో న్యాయమూర్తి పి.వి. రాజమన్నార్ గారి ఇంట్లో నాయుడు గారి వయొలిన్ విన్నారు. రాజమన్నార్ గారు మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, సాహిత్యాభిమాని, తెలుగువారు.

ఆ సన్నివేశాన్ని ఊహించుకోండి. వయొలిన్ పుట్టిన సంప్రదాయంలో శిఖరం మీదున్న మనిషి ఎదుట, ఆ వాద్యాన్ని నేల మీద కూర్చుని పాదానికి ఆనించి వాయించే విశాఖపట్నం మనిషి. నాయుడు గారు పాశ్చాత్యుల నుంచి కమాను విద్యను కొంత తీసుకున్నారు. ఇప్పుడు అదే వాద్యంలో పాశ్చాత్యులు ఎన్నడూ వెతకని గమకాన్ని వాళ్లలో ఒకరికి వినిపించారు. మెనూహిన్ ఆయన విద్యను ఎంతో మెచ్చుకున్నారు. భారతీయ సంగీతం మీద మెనూహిన్ ప్రేమ ఆ తర్వాత పెరుగుతూనే పోయింది. 1960ల్లో పండిట్ రవిశంకర్‌తో కలిసి ఆయన చేసిన రికార్డులు ప్రపంచమంతా వినిపించాయి.

శిష్యులు వేరే దారి పడితే

పాతా కొత్తా పరీక్ష గురువుకు మరో రూపంలో కూడా వచ్చింది. విజయనగరం కళాశాలలో శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న కొందరు సినిమా సంగీతంలోకి వెళ్లారు. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు చదివింది ఆ కళాశాలలోనే. పి. సుశీల గారు కూడా అక్కడే సంగీతంలో డిప్లొమా చేశారు. నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా, తెలంగాణ పల్లెల దాకా ప్రతి ఇంట్లో మోగిన గొంతులు అవి.

అప్పట్లో శాస్త్రీయ సంగీతం వైపు సినిమా పాటను తక్కువగా చూసేవాళ్లు లేకపోలేదు. కానీ ఘంటసాల గారి పాటలో పదం అంత నిండుగా, శ్రుతి అంత శుద్ధంగా ఉండడానికి ఆ కళాశాలలో వేసిన పునాది కారణం కాదని ఎవరనగలరు? మరోవైపు నేదునూరి కృష్ణమూర్తి గారు అదే కళాశాలలో చదివి శాస్త్రీయ సంగీతంలోనే ఉండి సంగీత కళానిధి అయ్యారు. ఒకే చెట్టుకు రెండు కొమ్మలు. వేరు బలంగా ఉంటే కొమ్మ ఎటు సాగినా కాయ కాస్తుంది.

ఇంట్లో మాత్రం వయొలిన్ వయొలిన్‌గానే సాగింది. కుమారుడు భావనారాయణరావు, కుమార్తె మంగతాయారు గార్లు తండ్రి బాణీని ముందుకు తీసుకెళ్లారు. నాయుడు గారు 1964 నవంబరు 25న కన్నుమూశారు. ఆయన శతజయంతి సందర్భంగా 1993లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. విశాఖపట్నంలో ఆయన పేరున కళాక్షేత్రం ఉంది. వేసవి సెలవుల్లో అటు వెళ్లేవారు పిల్లలకు చూపించవచ్చు.

వాదన ఆగలేదు, ఆగనక్కర్లేదు

నాయుడు గారి తర్వాత కూడా మన తెలుగు నేల మీద ఈ చర్చ మళ్లీ మళ్లీ లేచింది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు తక్కువ స్వరాలతో కొత్త రాగాలు కల్పించినప్పుడు, 1980ల్లో వీణ విద్వాంసుడు ఎస్. బాలచందర్ గారు గట్టిగా ఆక్షేపించారు. రసికలోకం రెండుగా చీలింది. దాదాపు ఆ రోజుల్లోనే పాలకొల్లుకు చెందిన యు. శ్రీనివాస్ అనే చిన్న కుర్రవాడు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక రాగాలు వాయించడం మొదలుపెట్టాడు. ఆ వాద్యం మీద గమకం పలుకుతుందా అని సందేహించినవారే తర్వాత అతని కచేరీలకు టికెట్లు కొన్నారు. విచిత్రమేమంటే, పెద్దయ్యాక అతను జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి ప్రపంచమంతా తిరిగి వాయించాడు. వయొలిన్ ప్రయాణం, మాండలిన్ ప్రయాణం, జాజ్ ప్రయాణం ఒకచోట కలిశాయి.

ఇందులో ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. సంప్రదాయం వైపు నిలబడి ప్రశ్నించినవాళ్లు మూర్ఖులు కారు. రాగం చెడిపోతుందేమో, సాహిత్యం మాయమవుతుందేమో, సాధన తగ్గి హంగు పెరుగుతుందేమో అన్నవి నిజమైన భయాలు. కొత్త పేరుతో వచ్చిందంతా నిలవలేదు కూడా. ఆ ప్రశ్నలు గట్టిగా ఉండబట్టే జవాబు చెప్పాలనుకున్న కళాకారుడు మరింత సాధన చేయాల్సి వచ్చింది. నాయుడు గారి కమానుకు అంత పదును రావడంలో ఆయన్ని సందేహించిన చెవులకు కూడా వాటా ఉంది.

మన ఇంటికి ఏం తీసుకెళ్దాం?

మొదటిది, పిల్లవాడి బలం ఎక్కడుందో చూడటం. మార్కులు తగ్గిన పిల్లవాడిలో ఇంకేదో పెరుగుతూ ఉండవచ్చు. వెంకటకృష్ణయ్య గారు తమ్ముడిలో దాన్ని చూడకపోతే మనకు ఈ కథ ఉండేది కాదు. అలాగే, పిల్లలు బోర్డు చూడటానికి కళ్లు చికిలిస్తున్నా, పుస్తకం మరీ దగ్గర పెట్టుకుంటున్నా వెంటనే కంటి పరీక్ష చేయించండి. క్లాస్ టీచర్‌కు కూడా చెప్పండి. ఆనాడు లేని సౌకర్యం ఈనాడు మనకు ఉంది.

రెండోది, పునాది. గిటారు అయినా, కీబోర్డ్ అయినా, కర్ణాటక సంగీతం అయినా, కనీసం రెండేళ్లు ఒకే గురువు దగ్గర ఒకే విద్య సాగనివ్వండి. ఆరు నెలలకొకసారి క్లాసు మారిస్తే పాతదీ రాదు, కొత్తదీ రాదు. కొత్తదనం చూపగలిగినవాళ్లంతా ముందు ఏదో ఒకటి లోతుగా నేర్చుకున్నవాళ్లే.

మూడోది, కలిసి వినడం. ఈ నెల ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని ఏదైనా ఒక త్యాగరాజ కీర్తనను మూడు రకాలుగా వినండి. ఒకసారి గాత్రంలో, ఒకసారి వయొలిన్ మీద, ఒకసారి మాండలిన్ మీద. నాయుడు గారి పాత రికార్డులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. శబ్దంలో కాస్త గరగర ఉంటుంది, రెండు నిమిషాల్లో చెవి అలవాటు పడుతుంది. తర్వాత అమ్మమ్మకు నచ్చిన పాట పిల్లలు వినాలి, పిల్లలకు నచ్చిన పాట అమ్మమ్మ వినాలి. నచ్చాలన్న నియమం లేదు. పాట పూర్తయ్యే దాకా ఎవరూ లేచి వెళ్లకూడదన్నదే నియమం. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో ఒక్క కారణం చెప్పాలి. బాగోలేదు అన్న మాట కారణం కింద లెక్కకు రాదు.

ఏం తేలిందో, ఇంట్లో ఎవరు ఏ పక్షమో పిల్లల చేత పది వాక్యాలు రాయించి పంపండి. తెలుగులోనైనా, ఇంగ్లిష్‌లోనైనా సరే. వచ్చే నెల పేజీల్లో కొన్నింటిని ప్రచురిస్తాం. రెండు పక్షాల మాటలూ ఉండాలన్నది మా కోరిక.